తిరిగే అంతరిక్ష నగరానికి భిలాయి లెక్క

శూన్యంలో 10,000 మంది కాపురముండే ఊరు కట్టాలంటే మొదటి సమస్య బరువు లేకపోవడమే. అంతరిక్ష కేంద్రంలో గడిపే వ్యోమగాముల తుంటి, వెన్ను ఎముకల సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం వరకు తగ్గుతుంది. అక్కడే తరాలు పెరగాలంటే ఊరినే తిప్పాలి. నీళ్ల చెంబుకు తాడు కట్టి గిరగిరా తిప్పితే నీళ్లు ఒలకకుండా అడుగుకు అదుముకుని ఉంటాయి. తిరిగే చక్రం లోపలి అంచున నిలబడిన మనిషి సంగతీ అంతే.

1975లో నాసా ఏమ్స్ కేంద్రం, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కలిసి జరిపిన వేసవి అధ్యయనం అలాంటి చక్రాన్నే రూపొందించింది. వ్యాసం సుమారు 1.8 కిలోమీటర్లు, వేగం నిమిషానికి ఒక్క చుట్టు. 56 మీటర్ల వ్యాసార్ధమున్న చక్రంతోనూ భూమి మీద ఉన్నంత బరువు వస్తుంది. కానీ దాన్ని నిమిషానికి నాలుగు చుట్లు తిప్పాలి. అప్పుడు తల పక్కకు తిప్పితే చాలు, కళ్లు తిరిగి వికారం పుట్టవచ్చు.

మరి పెద్ద చక్రాన్ని ఉక్కు తట్టుకుంటుందా? 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన భిలాయిలో ఇప్పుడు 260 మీటర్ల పొడవైన రైలు పట్టాలు తయారవుతున్నాయి. అలాంటివి 22 వరసగా పేరిస్తే ఈ చక్రం చుట్టూ వస్తాయి. తిరిగే ఉక్కు వలయంలో తన బరువు వల్లనే పుట్టే ఒత్తిడిని తెలుసుకోవాలంటే సాంద్రతను గురుత్వ త్వరణంతో, వ్యాసార్ధంతో గుణించాలి. ఈ చక్రానికి అది దాదాపు 69 మెగాపాస్కల్‌లు. మామూలు నిర్మాణపు ఉక్కు 250 వరకు శాశ్వతంగా సాగిపోకుండా నిలుస్తుంది. మిగిలిన బలం మట్టిని, ఇళ్లను, గాలి పీడనాన్ని మోయడానికి పనికొస్తుంది.

1974లో భౌతిక శాస్త్రవేత్త గెరార్డ్ ఓనీల్ ప్రతిపాదించిన భారీ సిలిండర్ వ్యాసార్ధం 3.2 కిలోమీటర్లు. అదే ఉక్కుతో కడితే ఒత్తిడి 246కు చేరుతుంది. ఉక్కు తనను తాను మోసుకోవడంతోనే సరి, ఇంకేమీ మోయలేదు. అందుకే ఊరు ఎంత పెద్దదిగా ఉండవచ్చో తేల్చేది లోహానికి ఉన్న బలం, దాని సాంద్రతల నిష్పత్తి.

విశ్వకిరణాలను ఆపే కవచం మరో పెద్ద భారం. స్టాన్‌ఫర్డ్ చక్రానికి అది సుమారు కోటి టన్నులు. ఏటా 70 లక్షల టన్నుల ఉక్కు సామర్థ్యమున్న భిలాయి ఏడాది ఉత్పత్తి కన్నా ఎక్కువ! భూమి నుంచి అంత బరువు మోసుకెళ్లడం అసాధ్యం కనుక చంద్రుడి మట్టిని, అందులోంచి లోహం తీయగా మిగిలే చిట్టేన్ని వాడాలన్నది ఆలోచన. ఆ కవచాన్ని తిప్పరు. తిప్పితే దానికీ బరువొస్తుంది, ఆ బరువంతా మళ్లీ లోహమే మోయాల్సి వస్తుంది.