మెడనరమునకు వెసులుబాటు

పులివెందుల తోటలలో అరటిగెలలు మోయు కూలిగాని, ప్రొద్దుటూరిలో పత్తిబేళ్ళు దింపు హమాలిగాని చేయి జోమెక్కినదనియు, చొక్కా గుండీ వ్రేళ్ళకు చిక్కుటలేదనియు చెప్పినప్పుడు, ఇంటిపెద్దలు "మెడనరము పట్టినది" అందురు. ఆ మాటలో సత్యము చాలవరకు గలదు. మెడయందలి యేడు పూసల గుండ సాగు నాళము ముందునుండి వెనుకకు సుమారు 17 మిల్లీమీటర్ల విరివి గలది. అందు వెన్నుపామును, దానినుండి యిరుప్రక్కలకు వెడలు ఎనిమిది జతల నరముల మూలములును ఇమిడియున్నవి. వయస్సుచేత పూసల నడిమి బిళ్ళ యెండి వెనుకకు జరిగినను, పూసల అంచులందు ఎముక మొలకలెత్తినను నాళము ఇరుకగును. నరమూలము నలిగినచో చేయి గుంజును. నాళము 13 మిల్లీమీటర్లకు లోపడి వెన్నుపామే నలిగినచో వ్రేళ్ళ నేర్పు తప్పి నడక తూలును.

1887లో లండను నగరమున విక్టర్ హార్స్‌లీ, కాళ్ళు చచ్చుపడిన యొక రోగి వెన్నుపూసల వెనుకకప్పును తొలగించి, వెన్నుపామును నొక్కుచున్న కంతిని తీసివైచెను. రోగి మరల నడచెను. నాటినుండి శస్త్రవైద్యులకు వెనుకత్రోవయే రాజమార్గమైనది. 1944లో స్పర్లింగ్, స్కోవిల్ అను అమెరికా వైద్యులు మెడవెనుకనుండి, నరము వెలువడు చోటున మాత్రమే ఎముకను తొలిచి దానికి వెసులుబాటు కల్పించు విధమును వెల్లడించిరి. అయినను ఒక చిక్కు మిగిలెను. నొక్కుచున్న వస్తువు పెక్కుమందిలో వెన్నుపామునకు ముందున్నది, వైద్యుడు వెనుకనున్నాడు. నడుమనున్న వెన్నుపామును ప్రక్కకు జరుపబూనుట పక్షవాతమును కోరి తెచ్చుకొనుటయే.

ముందునుండి పోవలెనను సాహసము, 1955లో బాల్టిమోరు నందలి జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికి చెందిన రాబర్ట్ రాబిన్సన్, జార్జి స్మిత్ ప్రకటించిన పద్ధతియందు ఫలించెను. గాలిగొట్టము, అన్నవాహిక, మెదడునకు రక్తము గొనిపోవు ధమని, యిన్ని ప్రాణాధారములు కిక్కిరిసిన కంఠములో కత్తికి చోటెక్కడిదని తోచవచ్చును. కాని ప్రకృతి వానిని వేరువేరు పొరలలో చుట్టి యుంచినది. ఆ పొరల సందు కనిపెట్టి, గాలిగొట్టమును అన్నవాహికను లోవైపునకును, ధమనిని వెలివైపునకును మెల్లగా తొలగించినచో, పెద్ద కండరములేవియు తెగకుండగనే పూసల ముందుభాగము కంటబడును. బిళ్ళను తీసి, ఆ ఖాళీలో రోగి తుంటియెముకనుండియే కోసిన ముక్కను అమర్చినచో, కొన్ని మాసములకు రెండు పూసలును ఒకటిగా అతుకుకొనును. 1958లో హోనొలూలూ వైద్యుడగు రాల్ఫ్ క్లోవర్డ్, గుండ్రని బరమాను, అది మితిమీరి దిగకుండ ఆపు కట్టుదిట్టమును కల్పించి, బరమా తొలిచిన రంధ్రములో సరిపోవు గుండ్రని యెముకబిరడాను బిగించెను. ఒక నిపుణుని హస్తలాఘవము పదిమంది వైద్యుల చేతికి సంక్రమించుట ఇట్టి సాధనముల వలననే కదా! ఈ త్రోవకు మూల్యము లేకపోలేదు: కంఠధ్వనిని నడపు సన్ననరము ఆ సమీపమున నుండుటచే కొందరికి గొంతు బొంగురుపోవును, వారిలో చాలమందికి క్రమముగా తగ్గును.

ఇరుకు పెక్కు పూసలకు వ్యాపించినపుడు మరల వెనుకత్రోవయే మేలు. 1977లో జపాను వైద్యుడు హిరబయాషి, వెనుకకప్పును తీసి పారవేయక, ఒకప్రక్క తెంచి రెండవప్రక్క సగము చెక్కి, దానిని తలుపువలె తెరచి నిలిపెను.

తెలుగునేలపై ఈ శస్త్రక్రియకు నీటిమూలమున వచ్చిన కష్టము వేరొకటి గలదు. 1937లో షార్టు మొదలగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు నీటివలన మనుష్యుల యెముకలు బిగిసిపోవుటను వర్ణించిరి. 1955లో సిద్దిఖీ నల్లగొండ రోగులనుగూర్చి వ్రాసెను. హైదరాబాదు నరముల శస్త్రవైద్యుడగు డి. రాజారెడ్డి ఆ రోగులలో వెన్నుపాము నలుగు తీరును దీర్ఘకాలము పరిశీలించెను. కడప జిల్లాలోను కొన్ని గ్రామముల బోరునీటిలో ఫ్లోరైడు, లీటరునకు 1.5 మిల్లీగ్రాముల హద్దును దాటియున్నది. అట్టి నీరు ఏండ్ల తరబడి త్రాగినవారి పూసలు దళసరియై, వానిని కలుపు బంధనములును ఎముకగా మారును. ఎముకను కొరుకు పట్టకారు పెదవి పూసకప్పు క్రింద దూరుటకు చోటే యుండదు. బలవంతముగా దూర్చినచో వెన్నుపాము చితుకును. కావున వైద్యుడు వేగముగా తిరుగు బరమాతో, వేడి పుట్టకుండ నీటిని జల్లుచు, పొర వెంబడి పొర చెక్కి, మిగిలిన పలుచని పెచ్చును పైకెత్తవలెను. నా దృష్టిలో ఈ చరిత్రమంతటిలో మిక్కిలి సహనము కోరునది ఈ పనియే.

కడపసీమ రోగులు దీనికై రాయవేలూరికి పోవుట చిరకాలపు వాడుక. 1949లో జేకబ్ చాండీ అచ్చటనే భారతదేశపు తొలి నరముల శస్త్రవైద్యశాఖను నెలకొల్పెను. కాని ఎంతటి నిపుణుడైనను ఒత్తిడిని తీయగలడుగాని, అప్పటికే నశించిన నరకణమును బ్రతికింపలేడు. అందుచే జమ్మలమడుగు మిషను ఆస్పత్రిలోనో, పులివెందులలోని యే చిన్న వైద్యశాలలోనో రోగిని తొలుత చూచు వైద్యుని చేతిలోనే ఫలితము సగమున్నది. ఆయనకు కావలసినది గడియారము మాత్రమే. రోగిని పిడికిలి బిగించి విప్పుమని చెప్పి, పది సెకండ్లలో ఎన్నిమారులు చేయగలిగెనో లెక్కింపవలెను. ఆరోగ్యవంతుడు ఇరువదికి తక్కువ చేయడు. అంతకు తగ్గి, నడకయు తూలుచున్నచో, నొప్పిమాత్రలతో మాసములు గడపనీయక మెడకు ఎం.ఆర్.ఐ. తీయింప పంపవలెను.