అల్‌బీరూనీయు వేయికన్నుల దేవుడును

వివిధ మతములలో భగవత్స్వరూపము అను విషయమును సంపాదకులవారు అప్పగించి, ఆదివారపు సంచిక అచ్చునకు పోవులోపల వ్యాసము చేతికందవలెనని గడువు విధించినప్పుడు, వేదము మొదలుకొని ఖురాను వరకు ఒక్కొక్క గ్రంథమునకు ఒక్కొక్క పేరా చొప్పున పంచిపెట్టవలెననియే నేనును తలచితిని. కాని అల్‌బీరూనీ భారతదేశమును గూర్చి అరబ్బీభాషలో రచించిన మహాగ్రంథమును విప్పి, హిందువుల ఈశ్వరవిశ్వాసమును వివరించు రెండవ అధ్యాయమును చదువ మొదలిడిన పిమ్మట, తక్కిన పుస్తకములన్నియు బల్లపై మూసినవి మూసినట్లే యుండిపోయినవి. స్వమతమునందు దృఢవిశ్వాసము గల పండితుడొకడు, పరమతమువారు దేవుని ఎట్లు భావింతురో వారి శాస్త్రముల నుండియే వినిపింపబూనుట ఏ కాలమునందైనను అరుదు. కత్తుల నడుమ ఆ పనికి పూనుకొన్నవానిపై నాకు గౌరవమే గాక ప్రేమయు కలదు.

చరిత్రను క్లుప్తముగా చెప్పెదను. బీరూనీ 973లో ఖ్వారజ్ము దేశమున జన్మించెను. 1017లో గజనీ మహమూదు ఆ దేశమును జయించి ఇతనిని తన రాజధానికి కొనిపోయెను. బీరూనీ పంజాబు ప్రాంతమున పండితుల నాశ్రయించి సంస్కృతము నేర్చి, పతంజలి యోగశాస్త్రమును అరబ్బీలోనికి మార్చెను. మహమూదు మరణించిన 1030లోనే 80 అధ్యాయముల ఈ గ్రంథమును ముగించి, ఆ సుల్తాను దండయాత్రలు ఈ దేశపు సౌభాగ్యమును రూపుమాపినవని అందు నిర్భయముగా వ్రాసెను. జర్మను పండితుడు సఖావు 1887లో మూలమును, మరుసటి యేట ఆంగ్లానువాదమును ప్రకటించెను.

రెండవ అధ్యాయమున బీరూనీ మొదట పలికించినది పతంజలినే. యోగశాస్త్రమును గురుశిష్య సంవాదముగా నిలిపి, ఇంద్రియములకు అందనివానిని ఉపాసించుట ఎట్లు పొసగునని శిష్యునిచే అడిగించి, పేరున్నచోట ఆ పేరు గలవాడు ఉండకపోడనియు, ఇంద్రియములకు మరుగైనవానిని ఆత్మ గ్రహింపగలదనియు, ఎడతెగని ఆ ధ్యానమే అర్చనమనియు గురువుచే చెప్పించెను. ఆపై గీత నుండియు మాటలు గైకొని, విద్యావంతులైన హిందువులకు దేవుడొక్కడే, ఆద్యంతరహితుడు, సర్వజ్ఞుడు, ఉపమానాతీతుడు అని తేల్చెను. ముస్లిము పాఠకునకు ఇది తన ఇంటి మాటవలెనే వినిపించియుండును.

అంతట ఆయన పామరుల వైపు తిరిగెను. గ్రంథమంతటను సజీవమైన పుట, నా దృష్టిలో, ఇదియే. దేహగుణములేవియు దేవునికి అంటవని తెలుపుటకై పండితుడు ఆయనను బిందువు అనును. చదువురానివాడు అది విని, దేవుడు చుక్కయంత చిన్నవాడని తలచి, అంతటితో ఆగక, పండ్రెండు వ్రేళ్ల పొడవు, పది వ్రేళ్ల వెడల్పు గలవాడని కొలతలు కూడ కట్టును. దేవునికి తెలియనిది లేదని విన్నవాడు, తెలియుట చూపుచేతనే యనియు, చూపునకు కన్ను వలయుననియు, ఒక కంటికంటె రెండు మేలనియు ఎంచుకొనుచు పోయి, తుదకు వేయికన్నుల దేవుని కల్పించుకొనునట! ఆ వ్రేళ్ల కొలతలు చెప్పిన వెంటనే బీరూనీ కొలతలకు అతీతుడైన అల్లాను స్తుతించెను.

ఇచ్చటనే నేను ఆయనతో ఏకీభవింపజాలను. వేయికన్నుల పురుషుని మనకు చూపినది పామరుడు కాడు, ఋగ్వేదపు దశమ మండలము. మన దేవాలయములలో అభిషేకవేళ నేటికిని వినవచ్చు పురుషసూక్తమున, వేయితలలును వేయికన్నులును గల పురుషుడు భూమినంతటిని ఆవరించి, ఇంకను పదియంగుళములు మించి నిలిచెనని ఋషి దర్శించెను. బీరూనీ విన్న పది వ్రేళ్ల కొలత ఆ సూక్తపు ప్రతిధ్వనియేమో యని నా ఊహ. కొలతకు అందనివానికి కన్నులను, అంగుళములను చెప్పిన నోరు ఒక్కటే. పండితుని దేవుడు వేరు, పామరుని దేవుడు వేరు అని ఆ మహనీయుడు గీచిన గీత, ఆయన ఏరికోరి చూపిన ఉదాహరణము వద్దనే తెగిపోవుచున్నది. శ్రీవైష్ణవ సంప్రదాయము చెప్పు లెక్కను బట్టి రామానుజులు జన్మించినదియు, బీరూనీని గజనీకి కొనిపోయిన ఆ 1017లోనే. పరబ్రహ్మమునకు దివ్యమంగళవిగ్రహము కలదని శ్రీభాష్యమున తర్కయుక్తముగా స్థాపించిన ఆ ఆచార్యుని ఏ పామరుల పంక్తిలో కూర్చుండబెట్టగలము?

ఈ చిక్కు హిందువులకు మాత్రమే పరిమితము కాదు. ఖురానునందును అల్లా హస్తము, ముఖము, సింహాసనము కలవు. అవి అలంకారములని ముతజిలా పండితులు వాదింపగా, ఎట్లని అడుగక యథాతథముగ విశ్వసింపుడని హంబలీలు నిలిచిరి. తోరాలోని ఇట్టి మాటలను గూర్చియే పండ్రెండవ శతాబ్దమున యూదాచార్యుడు మైమోనిడీసు ప్రత్యేకముగ గ్రంథము రచింపవలసివచ్చెను. దేవుడు ఇట్టివాడు కాడని చెప్పవచ్చును గాని ఇట్టివాడని చెప్పరాదని ఆయన మతము.

బీరూనీ ఈ సంగతి ఎరుగనివాడు కాడు. దేవునికి మనుష్యరూపము కల్పించు దోషము ఇస్లాములోనివారికిని కలదని ఆ అధ్యాయముననే ఒప్పుకొనెను. విగ్రహారాధనమును చర్చించు పదునొకండవ అధ్యాయమున ఇంకను ముందునకు పోయి, చదువురాని ముస్లిమునకు, పురుషుడైనను స్త్రీయైనను సరే, ప్రవక్త చిత్తరువునో, మక్కాలోని కాబా చిత్తరువునో చూపినచో, ఆనందము పట్టజాలక ముద్దిడి, చెక్కిలి ఆనించి, యాత్ర చేసినట్లే దాని యెదుట ధూళిలో పొర్లునని వ్రాసెను. ఇతరులను తూచిన త్రాసులోనే తనవారిని తూచిన ఈ నిజాయితీకి నమస్కరింతును. అయినను ఆ చెక్కిలి ఆనించినవారిని అజ్ఞానులని నేను అనలేను. చూడనివానిని ప్రేమించుటకు వారికి దొరకిన దారి అది. బిందువును ధ్యానించువాడు వెదకునదియు అట్టి దారినే.

ముల్తాను ఆదిత్యుడు

బీరూనీ వర్ణించిన విగ్రహములలో ముల్తాను సూర్యుడొకడు. కొయ్యతో చేసి ఎర్రని తోలు తొడిగిన ఆ మూర్తికి కన్నులుగా రెండు కెంపులు ఉండెడివట. ఎనిమిదవ శతాబ్దమున ఆ పట్టణమును పట్టుకొన్న అరబ్బు సేనాని ముహమ్మదు ఇబ్ను ఖాసిము, నలుదెసల నుండి వచ్చు యాత్రికుల వలననే ఊరికి ఐశ్వర్యము కలుగుచున్నదని తెలిసికొని, అవమానింప గోమాంసమును దాని మెడకు వ్రేలాడదీసెనే గాని మూర్తిని పగులగొట్టలేదు. దానిని భగ్నము చేసి అర్చకులను చంపినవారు తరువాత వచ్చిన కర్మతీయులను ముస్లిము శాఖవారు.