వలిసెలకు ధర తెచ్చేది శుభ్రతే
బంగారు తీగ గింజ కలిస్తే ఎగుమతికి చిక్కు, మరుసటేటి పంటకు చేటు

(వాణిజ్య విలేఖరి)

అరకు, పాడేరు కొండవాలుల్లో నవంబరు, డిసెంబరు నెలల్లో పసుపుపచ్చగా విరిసే వలిసె పూలను చూడటానికి యాత్రికులు బారులు తీరుతారు. చేలో ఫొటోలు తీసుకోనిచ్చి రుసుము పుచ్చుకునే రైతులూ ఉన్నారు. వర్తకుల లెక్క మాత్రం ఆ పూలు రాలి నల్లని గింజ సంతకు చేరినప్పుడే మొదలవుతుంది.

చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికే చెందిన ఈ పంటను మైదాన ప్రాంతాల్లో వెర్రినువ్వులు, గడ్డినువ్వులు అంటారు. ఎగుమతిదారులు నైజర్ అంటారు. దీని పుట్టినిల్లు ఇథియోపియా. ఆంధ్ర ఏజెన్సీతో పాటు ఒడిశాలోని కోరాపుట్, ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్, ఇంకా మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, జార్ఖండ్ గిరిజన ప్రాంతాల్లో పండుతున్నది.

రెండు గిరాకీలు

గింజలో నూనె 35 నుంచి 40 శాతం వరకు ఉంటుంది. నూనె వంటకు, సబ్బులకు, రంగులకు పనికి వస్తుంది. చెక్క పశువుల దాణాకు పోతుంది. ఇది మిల్లుల గిరాకీ. రెండవది ఎగుమతి. అమెరికాలో ఇళ్ల ముంగిట పిట్టలకు మేత వేసేవారు, ముఖ్యంగా గోల్డ్‌ఫించ్ అనే పసుపు పిట్టల కోసం, ఈ గింజనే కొంటారు. ఇథియోపియా, మయన్మార్ సరకు అక్కడ మనకు పోటీ. నిలవ ఉండి ఎండిపోయిన గింజను పిట్టలు ముట్టవు గనుక కొత్త సరకుకే ఆదరణ.

బంగారు తీగ బెడద

ఎగుమతికి ప్రధాన చిక్కు బంగారు తీగ. వేరు లేకుండా వలిసె మొక్కను చుట్టుకుని దాని సారం పీల్చి బతికే ఈ కలుపు తీగ గింజ వలిసెలతో పాటే నూర్పిడిలో కలుస్తుంది. ఇటువంటి కలుపు తమ నేలపై మొలవకుండా అమెరికా ఒక నిబంధన పెట్టింది. గింజను 120 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 15 నిమిషాలు వేడి చేయాలి. ఈ ఖర్చు, శుభ్రపరిచే ఖర్చు, తాలు, మట్టి పోగా వచ్చే తరుగు అన్నీ చివరకు సంతలో కొనే ధర నుంచే తగ్గుతాయి.

నష్టం అంతటితో ఆగదు. గిరిజన రైతు చాలావరకు తన పంటలోనిదే విత్తనంగా దాచుకుంటాడు. కలుపు గింజ కలిసిన విత్తనం చల్లితే చేను చేనంతా తీగ అల్లుకుంటుంది. పైగా ఆ గింజ మట్టిలో ఏళ్ల తరబడి మొలకశక్తితో ఉంటుంది.

తగ్గుతున్న సాగు

దేశంలో 1980లలో సుమారు 6 లక్షల హెక్టార్లున్న సాగు 2020 తరువాత లక్షన్నర లోపుకు పడిపోయింది. మద్దతు ధరలో లోటు లేదు. క్వింటాలుకు 2021-22లో రు. 6,930 ఉండగా 2025-26 ఖరీఫ్‌కు రు. 9,537 అయింది. అదే సీజనులో వేరుశెనగకు ప్రకటించినది రు. 7,263 మాత్రమే. అసలు లోపం దిగుబడిలో ఉన్నది. హెక్టారుకు 3 క్వింటాళ్లు చేతికొస్తే మద్దతు ధర మీద కూడా ఎకరాకు రు. 11,600 మించదు. వర్షాధారపు మెట్టనేల, ఎరువు అంతంతమాత్రం. తన పుప్పొడితో తాను గింజ కట్టని పంట గనుక తేనెటీగలు తగ్గినా దిగుబడి పడిపోతుంది.

కోరాపుట్ జిల్లా సెమిలిగుడ పరిశోధనా కేంద్రం దేవమాలి, ఉత్కల్ నైజర్-150 వంటి రకాలను ఇచ్చింది. మంచి రకమైనా విత్తనం శుభ్రంగా లేకపోతే ఫలితం దక్కదు.

వర్తకులు చేయదగినది

బంగారు తీగ గింజ వలిసె గింజ కంటే చిన్నది. ఒక మిల్లీమీటరు కన్నుల జల్లెడ పడితే చాలావరకు కిందికి రాలిపోతుంది. సంతలోనే జల్లెడ పట్టించి, శుభ్రమైన సరకును వేరే బస్తాల్లో కట్టి, దానికి విడిగా ధర కట్టడం కొనుగోలుదారులకు కష్టమేమీ కాదు. మంచి చెడ్డ సరకులను ఒకే కాటా మీద, ఒకే ధరకు కొన్నంత కాలం రైతుకు జల్లెడ పట్టే అవసరమే కలగదు. జనవరిలో సరకు రాక ముందే ఈ తేడా ధర ఎంతో సంతల్లో తెలియజేస్తే రెండు మూడు సీజన్లలో ఎగుమతికి తగిన సరకు పెరుగుతుంది. లేకుంటే తరుగుతో పాటు సరకు కూడా తరిగిపోయే ప్రమాదమున్నది.