జోడు కుదిరిన చోట

పాలమూరు సీమలో బిజినేపల్లి వంటి గ్రామముల సేద్యగాండ్రకు ఎలపటెద్దు, దాపటెద్దు తెలిసినవే. రెంటి నడక వేరైనను కాడి ఒక్కటే. ఇద్దరు పోలీసులు జంటగా నేరస్థుని వెదకు సాహస చిత్రముల ఆకర్షణ కూడ ఇదియే యని మేము తలచుచున్నాము.

జపానులో కురొసావా 1949లో తీసిన ‘నోరా ఇను’ ఈ తరహాకు తొలి మచ్చులలో నొకటి. పిస్తోలు పోగొట్టుకొని కలతపడిన యువ డిటెక్టివునకు అనుభవజ్ఞుడొకడు తోడగును. 1987 నాటి అమెరికా చిత్రము ‘లెథల్ వెపన్’లో ఒకడు ప్రాణమును లెక్కచేయడు; రెండవవాడు ఆలుబిడ్డలు గలవాడు.

తెలుగున దీనికి దగ్గరి చుట్టము 1974 నాటి ‘నిప్పులాంటి మనిషి’. 1973లో వచ్చిన హిందీ ‘జంజీర్’ దీనికి మాతృక. ఇన్‌స్పెక్టరుగా ఎన్.టి. రామారావు, షేర్‌ఖానుగా కైకాల సత్యనారాయణ నటించిరి. ఇచ్చట జోడు పోలీసునకు, జూదశాల నడపువానికి కుదిరినది. ఇన్‌స్పెక్టరు యూనిఫారము విడిచి వచ్చి ఖానుతో తలపడును. ఆ పెనుగులాటనుండియే మైత్రి పుట్టును. ఖాను జూదశాలను మానును. అధికారము భయపెట్టగలదు, మనసును మార్చునది సమానుడై ఎదుట నిలిచినవాడే. పిమ్మట అపనింద పడి ఇన్‌స్పెక్టరు ఉద్యోగము పోయినపుడు అతనికి అండ ఆ ఖానే.

దెబ్బలాటలను ప్రేక్షకుడు మరచిపోవచ్చును. ఆ ఇద్దరి నడుమ కుదిరిన నమ్మిక మాత్రము అతని వెంట ఇంటికి వచ్చును.