కాగితం కాని సగం చెట్టు

బస్తర్ అడవుల్లో సాల వృక్షాలను నరికి, వాటి స్థానంలో కరీబియన్ పైన్ చెట్లను పెంచాలన్న పథకం 1975లో రూపుదిద్దుకున్నది. బస్తర్ అప్పట్లో మధ్యప్రదేశ్‌లో భాగం. ప్రపంచ బ్యాంకు సాంకేతిక సహాయం అందించింది. పైన్ కలపను గుజ్జుగా మార్చి కాగితం తయారు చేయాలన్నది లక్ష్యం. సాల గింజలను, గుగ్గిలాన్ని ఇచ్చే అడవి పోతే తమ బతుకేమిటని ఆదివాసులు ఎదురుతిరిగారు. 1981లో పథకం అటకెక్కింది.

ఆ వివాదం ముగిసి నాలుగు దశాబ్దాలు దాటినా, కాగితపు పరిశ్రమకు సంబంధించిన ఒక లెక్క మాత్రం మారలేదు. రసాయనిక పద్ధతిలో గుజ్జు తీస్తే, పొడి కలపలో సుమారు సగమే గుజ్జుగా చేతికి వస్తుంది. తక్కిన సగం నల్లని ద్రవమై మిగులుతుంది.

చెక్క ముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ ద్రావణంలో దాదాపు 170 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒత్తిడితో ఉడికిస్తారు. గోడలో ఇటుకలను సున్నం పట్టి ఉంచినట్లు కలపలోని పీచును పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం అందులో కరిగిపోతుంది. పీచు విడివడి గుజ్జవుతుంది. మిగిలినదే ‘బ్లాక్ లిక్కర్’. పెద్ద మిల్లులు దీనిని పారబోయవు. నీటిని ఇగిర్చి, చిక్కబరచి బాయిలర్లో మండిస్తాయి. ఆవిరి, విద్యుత్తు లభించడమే కాక, సోడా కూడా తిరిగి దక్కుతుంది. అంత పెట్టుబడి పెట్టలేని చిన్న మిల్లులు చాలాకాలం ఈ ద్రవాన్ని వాగులలోకి వదిలాయి. చివరకు 2003లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సోడాను తిరిగి రాబట్టే ఏర్పాటు చేసుకోవాలని, లేదా నల్ల ద్రవాన్ని బయటకు వదలకుండా చూడాలని వాటికి గడువు విధించవలసి వచ్చింది.

అయితే లిగ్నిన్ కేవలం వంటచెరకేనా? రసాయనిక శాస్త్రవేత్తల దృష్టిలో అది బెంజీన్ వలయాల గని. నేడు ఫీనాల్ వంటి పదార్థాల కోసం పరిశ్రమలు ప్రధానంగా ముడిచమురుపైనే ఆధారపడుతున్నాయి. లిగ్నిన్ అణువును సరైన చోట తెంచగలిగితే అవే పదార్థాలు చెట్టు నుంచి వస్తాయి. ఆ తెంచే పనికే ఉత్ప్రేరకం కావాలి. తాను ఖర్చు కాకుండా రసాయనిక చర్యను వేగపరచి, కోరిన దారిలో నడిపించే పదార్థమే ఉత్ప్రేరకం.

ఇది కాగితాలపై కలగాదు. నార్వేలోని బోర్రెగార్డ్ సంస్థ స్ప్రూస్ కలప గుజ్జు వ్యర్థం నుంచి 1962 నుంచే వెనిలిన్ తయారు చేస్తున్నది. రాగి ఉత్ప్రేరకం సాయంతో లిగ్నిన్‌ను ఆక్సీకరణకు గురిచేయడం దాని పద్ధతి. ఐస్‌క్రీములకు పరిమళమిచ్చేది ఈ వెనిలినే. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో మరో అడుగు ముందుకు వేశారు. బిర్చ్ కలపలోని ప్రతి 100 కిలోల లిగ్నిన్ నుంచి 20 కిలోల ఫీనాల్, 9 కిలోల ప్రొపిలీన్ రాబట్టవచ్చునని చూపించారు. మన దేశంలో పుణెలోని జాతీయ రసాయనిక ప్రయోగశాల ఘన ఆమ్ల ఉత్ప్రేరకాలతో లిగ్నిన్‌ను విడగొట్టే ప్రయోగాలు చేసింది.

చిక్కులు లేకపోలేదు. గుజ్జు ఉడికించేటప్పుడే లిగ్నిన్ ముక్కలు ఒకదానితో ఒకటి మళ్లీ గట్టిగా పెనవేసుకుంటాయి. సల్ఫైడ్ నుంచి చేరిన గంధకం లోహ ఉత్ప్రేరకాల పాలిట విషం. లూవెన్ బృందం ఈ బెడద లేకుండా తాజా కలపతోనే పని మొదలుపెట్టింది. అంటే అది మిల్లు వ్యర్థానికి విరుగుడు కాదు, వేరే రకం మిల్లుకు నమూనా. పైగా లిగ్నిన్‌ను బాయిలర్ నుంచి తప్పిస్తే, ఆ వేడిని బొగ్గుతోనో మరొక ఇంధనంతోనో భర్తీ చేయాలి.

మరి మిల్లులకు లాభమెక్కడ? చాలా మిల్లుల ఉత్పత్తికి హద్దు బాయిలరే. నల్ల ద్రవంలోకి బొగ్గుపులుసు వాయువును పంపితే లిగ్నిన్ అవక్షేపంగా దిగుతుంది. కొంత లిగ్నిన్ తీసివేస్తే బాయిలర్‌పై భారం తగ్గి, అదనపు గుజ్జు వండవచ్చు. అమెరికాలోని ప్లిమత్ మిల్లు 2013లో ఈ పద్ధతిని వాణిజ్యస్థాయిలో ప్రారంభించింది. అదనపు గుజ్జుకు అదనపు కలప కావాలన్నది మాత్రం మరువరాదు. వ్యర్థానికి విలువ వచ్చినంత మాత్రాన అడవిపై ఒత్తిడి దానంతటదే తగ్గదు.

ఆ కలప ఎక్కడిది? బస్తర్ పొరుగునే గోదావరి ఒడ్డున ఉన్న సారపాక మిల్లు ఒకప్పుడు అడవి వెదురుపై ఆధారపడింది. అడవులపై ఆధారపడే పరిశ్రమలు ముడిసరుకును రైతులతో నేరుగా సంబంధం పెట్టుకుని పెంచుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం సూచించింది. కాలక్రమంలో సారపాక మిల్లు కూడా రైతుల పొలాల్లోని యూకలిప్టస్, సుబాబుల్ వైపు మళ్లింది. వెదురుపై ఆదివాసులకు చట్టబద్ధమైన హక్కు వచ్చింది 2006 అటవీ హక్కుల చట్టంతోనే. బస్తర్ సరిహద్దు జిల్లా అయిన గడ్చిరోలిలో మెండా లేఖా గ్రామసభ 2011లో ఆ హక్కును సాధించుకుని, తమ వెదురును తామే అమ్ముకున్నది. ఆదివాసి అమ్మే వెదురుకు, రైతు అమ్మే సుబాబుల్‌కు ధర కట్టేది నేటికీ గుజ్జు విలువను బట్టే. లిగ్నిన్ నుంచి ఫీనాలో వెనిలినో తీసే రోజు వస్తే, ఆ రెండో సగానికి కూడా ధర అడిగే అవకాశం అమ్మకపు ఒప్పందాల్లో ఇప్పటినుంచే ఉండాలి.