ఇంటిల్లిపాది ఆరోగ్యానికి తల్లి కంచమే పునాది

తొలకరి చినుకులు పడ్డాయంటే మన పల్లెల్లో జ్వరాలు, జలుబులు, విరేచనాలు మొదలవుతాయి. పొందూరు బజారులోనైనా, రాజాం బజారులోనైనా బలం మందు సీసాలకు, డబ్బాల్లో అమ్మే పొడులకు అప్పుడే గిరాకీ. 2020లో కరోనా వచ్చిన తరువాత ఈ ఆరాటం మరీ ఎక్కువైంది. "అయ్యగారూ, మా పిల్లలకు వ్యాధినిరోధక శక్తి పెరగాలంటే ఏం కొనమంటారు?" అని సంఘంలోని తల్లులు తరచుగా అడుగుతుంటారు.

ప్రియ చదువరులారా, కొనవలసినవి చాలా తక్కువ. మన పొలంలో, పెరటిలో, సంతలో దొరికే వాటిని సరిగా వండుకోవడం, వండినదాన్ని ఇంట్లో న్యాయంగా పంచుకోవడం, ఈ రెండూ చేస్తే చాలావరకు పని జరుగుతుంది. రెండవది మొదటిదానికంటే కష్టం. ఎందుకు కష్టమో ముందుకు వెళ్లినకొద్దీ మీకే తెలుస్తుంది.

శరీరానికి కావలివారు

ఊరికి కావలివారున్నట్లే శరీరానికీ ఉన్నారు. రక్తంలోని తెల్లకణాలు లోపలికి వచ్చిన క్రిములను పట్టి చంపుతాయి. కళ్ళు, గొంతు, ఊపిరితిత్తులు, పేగుల లోపలి పొర ప్రహరీగోడలా నిలిచి క్రిములను బయటనే ఆపుతుంది. తెల్లకణాలు తయారు కావాలంటే మాంసకృత్తులు, ఇనుము, జింకు, ఫోలిక్ ఆమ్లం కావాలి. లోపలి పొర గట్టిగా ఉండాలంటే 'ఎ' విటమిన్ కావాలి. ఇవి చాలని బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. విరేచనాలతో ఆకలి పోతుంది, తిన్నది వంటబట్టదు, బిడ్డ ఇంకా చిక్కిపోతాడు, మళ్ళీ జబ్బు పడతాడు. పోషణలోపం, అంటువ్యాధి ఈ విధంగా ఒకదానికొకటి తోడవుతాయి.

మన జిల్లాలు నేర్పిన పాఠం

వెనుకటి రోజుల్లో ఉత్తర సర్కారులని పిలిచిన మన కోస్తా జిల్లాలకు వైద్యశాస్త్రంలో ఒక చేదు ప్రసిద్ధి ఉండేది. కాళ్ళు తిమ్మిరెక్కి, ఒళ్ళు వాచి, చివరకు గుండె బలహీనపడే బెరిబెరి వ్యాధి మద్రాసు రాజధానిలో ముఖ్యంగా ఇక్కడే కనబడేది. కారణం మన అన్నమే. మరలో తెల్లగా పట్టించిన పచ్చిబియ్యంలో తవుడుతోపాటు 'బి1' విటమిన్ పోయేది. మిగిలిన కాస్తా కడుగునీళ్ళలో, వార్చిన గంజిలో పోయేది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఈ జబ్బు అరుదు. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులోని 'బి1' గింజ లోపలికి ఇంకిపోవడమే అందుకు కారణం.

ఈ బెరిబెరిని పరిశోధించడానికే 1918లో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు నీలగిరులలోని కూనూరులో చిన్న పరిశోధనాకేంద్రం మొదలుపెట్టాడు. అది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు వచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. నేడు తార్నాకలో ఉన్నది అదే. కడుపునిండా అన్నం తింటూ కూడా మనిషి జబ్బు పడగలడని ఆ వ్యాధి మనకు నేర్పింది.

శ్రీకాకుళం బిడ్డ చెప్పిన మాట

కూనూరు పరిశోధనశాలలో 1947 నుండి పనిచేసినవారిలో డాక్టర్ వులిమిరి రామలింగస్వామి ఒకరు. ఆయన 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. తరువాత ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టరుగా, భారత వైద్య పరిశోధనా మండలికి అధిపతిగా పనిచేశారు. 1956లో హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో ఉప్పుకు అయోడిన్ చేర్చి గాయిటర్‌ను తగ్గించవచ్చని చూపించే పని మొదలుపెట్టింది ఆయన బృందమే. ఈనాడు మన వంటింట్లోని అయోడిన్ ఉప్పు వెనుక ఈ జిల్లా బిడ్డ కృషి ఉంది.

1996లో ఆయన మరి ఇద్దరితో కలిసి యూనిసెఫ్ వారి ప్రచురణలో ఒక వ్యాసం రాశారు. ఆఫ్రికాకంటే దక్షిణ ఆసియాలోనే ఎక్కువమంది పిల్లలు పోషణ లేక చిక్కిపోయి ఉన్నారెందుకు అన్నది వారి ప్రశ్న. తిండిగింజల కొరత ఒక్కటే కారణమైతే ఈ తేడా రాదు. మాంసం తక్కువ తినడంవల్ల అనుకుందామన్నా లెక్క కుదరదు. వారు తేల్చిన అసలు కారణం స్త్రీల స్థితి. గర్భిణిగా ఉన్నప్పుడు చాలినంత తినని తల్లికి బరువు తక్కువ బిడ్డ పుడుతుంది. ఆ బిడ్డ మొదటి రోజునుండే వెనుకబడుతుంది. తనకోసం నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ, విశ్రాంతి లేని తల్లి ఆ బిడ్డను సాకడానికి కూడా ఇబ్బంది పడుతుంది.

ఆఖరి ముద్ద ఎవరిది?

ఈ మాట మన ఇళ్ళకు అన్వయించుకుందాం. భోజనానికి ముందు అందరం తలవంచి ప్రార్థన చేసుకుంటాం. ఆ తరువాత ఇంటి యజమానికి, మగపిల్లలకు, అత్తమామలకు, ఆడపిల్లలకు వరుసగా వడ్డన. గుడ్డు, చేపముక్క ఆ వరుసలోనే అయిపోతాయి. తల్లికి మిగిలేది అడుగంటిన అన్నం, కూర గిన్నెలోని పులుసు. పొందూరు సన్నఖద్దరుకు దూది ఏకి, రాట్నం ముందు గంటల తరబడి కూర్చుని నూలు వడికేది ఎక్కువగా ఆడవారే. ఊడ్పులకు, కలుపులకు వంగేదీ వారే. ఇంత కష్టపడే మనిషి కంచంలో అందరికంటే తక్కువ ఉంటే ఆ ఇంటికి బలం ఎక్కడినుండి వస్తుంది?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అంగన్‌వాడీలో గర్భిణికి ఇచ్చే గుడ్డు, పాలు ఇంటికి వచ్చి వేరొకరి నోటికి చేరడం మనం ఎరుగనిది కాదు. ఇది ఎవరో దుర్మార్గంతో చేసే పని కాదు, అలవాటు. అయినా దాని ఫలితం బిడ్డ మీద పడుతుంది.

మన పొలం, మన పెరడు

చోళ్ళు: మన పెద్దలు తాగిన చోడి అంబలిని చులకన చేయకండి. 100 గ్రాముల చోళ్ళలో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు. అంతే తెల్లబియ్యంలో 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. వారానికి మూడు నాలుగు రోజులైనా ఉదయం అంబలి తాగండి. చోళ్ళను మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి పట్టిస్తే ఆరు నెలలు దాటిన బిడ్డకు మంచి జావ అవుతుంది.

పప్పులు: వరి కోసిన మడుల్లో మనం పండించే పెసలు, మినుములు, మెట్టలో పండే ఉలవలు మాంసకృత్తుల నిధులు. అన్నంలో లోపించినది పప్పు పూరిస్తుంది, పప్పులో లోపించినది అన్నం పూరిస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం సామాన్యంగా రోజుకు 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు కావాలి. మన ఇళ్ళలో పప్పు నీళ్ళలా పలచన, అన్నం మాత్రం కొండంత. దీన్ని కాస్త తలక్రిందులు చేయాలి.

ఆకుకూరలు: ములగచెట్టు ఉన్న ఇంటికి మందుల దుకాణం సగం దూరమైనట్లే. ములగాకు, తోటకూర, పొన్నగంటికూర, గోంగూర పూటకొకటి మారుస్తూ వండండి. 'ఎ' విటమిన్‌గా మారే పదార్థం, ఇనుము, ఫోలిక్ ఆమ్లం వీటిలో ఉంటాయి. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నను పోగొట్టుకుని, తానూ అదే జబ్బుతో బాధపడిన భీమవరం వాసి యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో ఫోలిక్ ఆమ్లం తయారీకి మార్గం వేశారు. ఫోలిక్ అనే పేరు లాటిన్‌లో ఆకు అనే మాటనుండే వచ్చింది.

పండ్లు: ఖరీదైన ఆపిల్ కోసం పట్నం వెళ్ళనక్కరలేదు. 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా 'సి' విటమిన్ ఉంది. కమలాపండు దాని దరిదాపులకు రాదు. బొప్పాయి, ఉసిరి, ఏ కాలానికి ఆ కాలపు పండు చాలు.

చేపలు, గుడ్లు: ముల్లుతో సహా నమిలి తినే చిన్నచేపలు పెద్దముక్కలకంటే మేలు. కాల్షియం ముల్లులో ఉంది. ఎండు నెత్తళ్ళను బాగా కడిగి ఉప్పు పోగొట్టి వండండి. రక్తపోటు ఉన్నవారు తగ్గించండి.

ఒక హెచ్చరిక. ఉద్దానం వైపు మూత్రపిండాల జబ్బుతో ఉన్న కుటుంబాలు మన సంఘాల్లోనూ ఉన్నాయి. అలాంటివారు ఆకుకూరలు, పప్పు, పండ్లు ఎంత తినాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి. ఎవరో చెప్పిన మూలికలు, కషాయాలు వారు అసలే వాడరాదు.

వంటలో మెలకువలు

బియ్యం మూడు నాలుగుసార్లు రుద్ది కడగవద్దు. గంజి వార్చకుండా అత్తెసరు పెట్టండి, వారిస్తే ఆ గంజిని అంబలిలో కలపండి. ఆకుకూర ముందు కడిగి తరువాత తరగండి, మూతపెట్టి తక్కువసేపు ఉడికించండి. ఇనుప మూకుడులో పులుసుకూర వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. ఆకుకూరతో నిమ్మరసం తీసుకుంటే అందులోని ఇనుము బాగా వంటబడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ ఇనుము వృథా. టీ ఒక గంట ఆగి తాగండి.

పొగ సంగతి కూడా చెప్పాలి. కట్టెలపొయ్యి పొగ, చుట్టపొగ ఊపిరితిత్తుల పొరను దెబ్బతీస్తాయి. మన తీరప్రాంతపు ఆడవారు కొందరు నిప్పు నోటి లోపల పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట అంగిలికి పుండు, కాన్సరు తెస్తుంది. అమ్మమ్మ కాల్చిందని మనుమరాలు నేర్చుకోవద్దు.

బాలింత, పసిబిడ్డ

బిడ్డ పుట్టిన గంటలోపు పట్టే ముర్రుపాలే మొదటి టీకా వంటివి. వాటిని పిండి పారబోయవద్దు. ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే, నీళ్ళు కూడా వద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించరాదు. తేనెలో అరుదుగా ఉండే ఒక క్రిమి ఆ వయసులో ప్రాణాపాయం తేగలదు.

పథ్యమని బాలింతకు నీళ్ళు తగ్గించి, కారంపొడి అన్నంతో సరిపెట్టడం ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. పాలు పట్టవలసిన తల్లికి మామూలు కంటే ఎక్కువ తిండి, ఎక్కువ నీరు కావాలి. పెద్దలు బాలింతకు పెట్టిన తెలకపిండి కూర మంచి అలవాటే. ములగాకు చేర్చి వండితే మరీ మంచిది.

టీకాలను, ఆహారాన్ని ఒకదానికొకటి పోటీ పెట్టవద్దు. తట్టు వచ్చిందంటే అంతకుముందు శరీరం సంపాదించుకున్న రక్షణ కూడా చాలావరకు చెరిగిపోతుంది. 9వ నెలలో తట్టు టీకా, దానితోపాటు 'ఎ' విటమిన్ మొదటి మోతాదు, ఆపైన అయిదేళ్ళ వరకు ఆరు నెలలకొకసారి ఆ విటమిన్ మందు వేయించండి. బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర పిల్లలచేత తప్పక మింగించండి. మనం పెట్టిన తిండి పురుగుల పాలు కాకూడదు కదా.

జబ్బు వచ్చినప్పుడు

లంఖణం పరమౌషధం అంటారు. ఆ సామెత అతిగా తిన్న పెద్దవారికి సరిపోతుందేమో గాని చిక్కిన బిడ్డకు సరిపోదు. విరేచనాలలో కూడా తల్లిపాలు, జావ, మెత్తని పప్పన్నం ఆపవద్దు. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరకకపోతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి, కలిపి కొంచెం కొంచెంగా పట్టండి. ఆశా కార్యకర్త ఇచ్చే జింకు మాత్రలు విరేచనాలు కట్టినా ఆపక 14 రోజులూ వేయండి.

పసుపు పాలు, అల్లం, మిరియాల కషాయం గొంతుకు హాయినిస్తాయి. అంతవరకే వాటి పని. పచ్చకామెర్లకు కంటిలో పసరు పోయడం, చేతికి వాతలు పెట్టడం ప్రమాదం. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్ళె పరీక్ష చేయించాలి.

ఆహారానికి ఎంత శక్తి ఉందో క్షయ విషయంలోనే రుజువైంది. జార్ఖండ్‌లో 2019 నుండి 2022 వరకు 2,800 మంది క్షయ రోగుల ఇళ్ళలో ఒక పరిశోధన జరిగింది. రోగులందరికీ మందులతోపాటు ఆహారం ఇచ్చారు. సగం ప్రాంతాల్లో మాత్రం ఇంట్లోని మిగతావారికీ ఇచ్చారు, పెద్దవారికి నెలకు 5 కిలోల బియ్యం, ఒకటిన్నర కిలో పప్పు, విటమిన్ మాత్రలు. ఆ ఇళ్ళలో కొత్తగా క్షయ సోకడం 39 శాతం తగ్గింది. 2023లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఆ నెలసరి మూటలో ఖరీదైన పొడులేమీ లేవు. రోగి విషయంలో మాత్రం మందులే వ్యాధిని నయం చేస్తాయి, ఆహారం వాటికి తోడు. ప్రార్థన చేస్తున్నాం కదా అని మాత్రలు మానేసే విశ్వాసులకు ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ప్రార్థించండి, మాత్రలూ మింగండి. క్షయ రోగికి చికిత్సకాలంలో పోషణ కోసం ప్రభుత్వం ఇచ్చే నెలకు 500 రూపాయలను 2024 నవంబరు నుండి 1,000 చేశారు. అది రోగి కంచానికే చేరేలా చూడండి.

ఇంటి యజమానులకు ఒక మనవి

సహోదరులారా, ఈ వ్యాసాన్ని భార్యకు చూపించి "ఇలా వండు" అని చెప్పి ఊరుకోవద్దు. ఆమె పనికి మరొక పని చేర్చడం నా ఉద్దేశం కాదు. సంతనుండి ఆకుకూర, గుడ్లు మీరు తీసుకురండి. బిందెడు నీళ్ళు మీరు తోడండి. పెరట్లో ఒక ములగకొమ్మ, ఒక జామమొక్క నాటండి. భోజనానికి అందరి కంచాలూ ఒకేసారి పెట్టండి, గుడ్డు, చేప ముందుగానే పాళ్ళు వేయండి. ఆమె కూర్చున్న తరువాతనే ప్రార్థన మొదలుపెట్టండి. గర్భిణి, బాలింత ఉంటే మొదటి వడ్డన ఆమెకే.

దీనికి డబ్బు ఖర్చు లేదు, పరువు తక్కువా లేదు. ఈ ఏడు తొలకరికి ముందే ఈ అలవాటు చేసుకున్న ఇంట్లో పిల్లలకు జలుబు రాకుండా పోదు గాని, వచ్చిన జబ్బును తట్టుకుని లేచే సత్తువ ఉంటుంది. ఆ సత్తువకు విత్తనం తల్లి కంచంలో పడుతుంది.