ఇల్లు కొన్నాక మొదలయ్యే ఖర్చు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టడానికో కొనడానికో ఎంతవుతుందన్న లెక్క అందరూ వేస్తారు. ఆ తర్వాత ఏటేటా ఆ ఇల్లు అడిగే డబ్బు లెక్క మాత్రం చాలా ఇళ్లలో వేయరు. "బాడుగ తప్పితే చాలు, ఇక ఖర్చేముంది?" అనుకుంటారు.

మన కుటుంబాల్లో ఈ ధీమాకు ఇంకో కారణం కూడా ఉంది. వడ్డీకి దూరంగా ఉండాలన్న పట్టుదలతో చాలామంది బ్యాంకు అప్పు జోలికి పోరు. గల్ఫ్ నుంచి పంపిన సొమ్ము, చీటీ డబ్బు, ఆడవాళ్ల నగలు అన్నీ పోగుచేసి, చేతిలో రూపాయి మిగలకుండా రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు. కంతులు లేవు కదా అని ధైర్యం. తీరా మొదటి వానకే స్లాబు కారుతుంది, లేదా బోరు మోటారు కాలిపోతుంది. చేతిలో డబ్బుండదు. దినవారీ ఫైనాన్సు ఇచ్చే మనిషి గడప తొక్కవలసి వస్తుంది. ఇల్లు కొనేటప్పుడు కాదని పంపిన వడ్డీ, రిపేరు పేరుతో దొడ్డిదారిన ఇంట్లోకి వస్తుంది. నంద్యాల, ఆళ్లగడ్డల్లో ఇల్లు కొనదలచినవారు ముందుగా ఆలోచించవలసింది దీని గురించే.

నేల అడిగే ఖర్చు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వరకు కుందూ పరీవాహకంలో ఎక్కువగా ఉన్నది నల్లరేగడి. పత్తికి, శనగకు అది బంగారం లాంటి నేల. నంద్యాలలో 1906లోనే వ్యవసాయ పరిశోధన క్షేత్రం వెలసింది. కానీ ఇంటి పునాదికి ఇది మొండి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగి బీటలిస్తుంది. పునాది సరిగా లేకపోతే గోడలు పగులుతాయి, తలుపులు బిగుసుకుపోతాయి. సున్నం వేసి పగుళ్లు కప్పినా మరుసటి వేసవికి మళ్లీ బయటపడతాయి.

ఇలాంటి నేల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైలు పునాదులను అభివృద్ధి చేసింది. మామూలు ఇళ్లకు కనీసం రేగడి తీసేసి మొరం నింపడం, గోడల కింద బెల్టు బీము వేయడం అవసరం. కట్టిన ఇల్లు కొనేవారు ఈ సంగతి అమ్మేవారిని అడగాలి. కొత్తగా రంగు వేసిన గోడను చూసి మురిసిపోకుండా, తెలిసిన మేస్త్రిని వెంట తీసుకుపోయి కిటికీల మూలలు చూపించాలి. కుదిరితే ఒకసారి నడి వేసవిలో, ఒకసారి వానల్లో చూడడం మేలు. గోడ పక్కన నీళ్లు నిలవకుండా చుట్టూ సిమెంటు వాలు చేయించడం, కారే కొళాయిని వెంటనే బాగుచేయించడం చవక వైద్యాలు.

నేల బండల మాట కూడా ఇందులోదే. కదిలే నేల మీద టైల్స్ పగిలితే అదే రంగు మళ్లీ దొరకడం కష్టం. మన పక్కనే దొరికే బేతంచెర్ల నాపరాయి అయితే ఒక్క బండ లేపి మళ్లీ పరచుకోవచ్చు.

వాగు పక్కన చవక స్థలం

ధర తక్కువ అన్నచోట ఎందుకు తక్కువో విచారించాలి. 2019 సెప్టెంబరు వానలకు కుందూ, మద్దిలేరు పొంగి నంద్యాల పల్లపు ప్రాంతాల్లోకి నీళ్లు వచ్చాయి. ఆళ్లగడ్డ వైపు వక్కిలేరు ఉంది. వాగు ఒడ్డున ఇల్లు కొంటే, నీళ్లు వచ్చిన ప్రతిసారీ తలుపులు, వైరింగు, బియ్యం, బట్టలు అన్నీ పోతాయి. ఆ వీధిలో పాతికేళ్లుగా ఉంటున్న ముసలివాళ్లను అడిగితే నీళ్లు ఎంతెత్తు వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ మాట ఏ కాగితంలోనూ ఉండదు.

పన్ను, కరెంటు, కాగితాలు

రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రుసుము 1, వెరసి నూటికి 7.5 రూపాయలు అవుతుంది. 20 లక్షల ఇంటికి లక్షన్నర. ఇది ఒక్కసారి ఖర్చు. ఇంటి పన్ను అలా కాదు. 2021 ఏప్రిల్ నుంచి రాష్ట్రంలోని పురపాలక సంఘాల్లో అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను లెక్కించడం మొదలైంది. ఒక ఏడాదిలో పెంపు 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. పరిమితి చిన్నదిగానే కనిపిస్తుంది గాని, ఏటా అంతే పెరిగితే అయిదేళ్లకు పన్ను రెట్టింపవుతుంది. ఆలస్యం చేస్తే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం తగ్గింపు ఉంది. వడ్డీ వద్దనుకునేవారు ఏప్రిల్ కోసం ముందే దాచుకోవాలి.

పాత ఇల్లు కొంటే పన్ను బకాయి, కరెంటు బకాయి లేవని రసీదులు చూడాలి. 2014-19 నాటి వాడకం మీద ట్రూఅప్ చార్జీలను 2022లో బిల్లుల్లో కలిపినప్పుడు, ఎవరో వాడిన కరెంటుకు కొత్తగా వచ్చినవారు కట్టవలసి వచ్చింది. అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు అయితే తర్వాత క్రమబద్ధీకరణ రుసుము మీద పడుతుంది.

ఫ్లాటు, దూరం

ఫ్లాటులో మెట్ల దీపాలు, నీటి మోటారు, మురుగు ట్యాంకు అందరివీ. ఖర్చు కూడా అందరిదే. నంద్యాలలో కట్టిన టిడ్కో మూడంతస్తుల పై ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం యజమానులు సంఘం పెట్టుకోవాలని చెబుతోంది. సంఘం లేనిచోట మోటారు చెడితే పైవాళ్లూ కిందివాళ్లూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చుంటారు.

ఊరికి దూరంగా జాతీయ రహదారి పక్కన ప్లాటు చవకగా వస్తుంది. అయితే బడికి ఆటో, బజారుకు బండి పెట్రోలు ప్రతి నెలా తప్పవు.

జకాత్ సంగతి

మనం నివసించే ఇంటి మీద జకాత్ లేదు. లాభానికి అమ్మాలన్న ఉద్దేశంతో కొన్న ప్లాటు మాత్రం వ్యాపార సరుకు కిందికి వస్తుంది. దాని ఆనాటి విలువపై ఏటా రెండున్నర శాతం ఇవ్వవలసి ఉంటుంది. ధర పెరిగిందని సంతోషించేవారు దీన్నీ లెక్కలో వేసుకోవాలి. వివరాలు ఆలిములను అడిగి తెలుసుకోవచ్చు.

ఇంటికో డబ్బా

ఉదాహరణకు ఒక చిన్న లెక్క చూద్దాం. కట్టడం విలువ 15 లక్షలనుకుందాం. రిపేర్లకు, రంగులకు ఏటా విలువలో ఒక శాతం పెట్టుకుంటే నెలకు 1,250. పన్ను, కొళాయి 400. మోటారు, బోరు 350. అదనపు ప్రయాణం 1,000. మొత్తం నెలకు 3,000, ఏడాదికి 36,000.

కొనకముందే ఆరు నెలల పాటు ఈ 3,000 బాడుగతో పాటు తీసి విడిగా డబ్బాలో వేసి చూడండి. వేయగలిగితే ఆ ఇల్లు మీ తాహతులో ఉన్నట్టే. వేయలేకపోతే ఇంకొంచెం చిన్న ఇల్లు చూసుకోవడం మంచిది. ఉన్న డబ్బంతా గోడల్లో పెట్టకుండా కనీసం ఏడాది ఖర్చు చేతిలో ఉంచుకోవాలి. ఇల్లాలికి తెలియకుండా, పిల్లలకు చెప్పకుండా ఈ లెక్క నిలబడదు. ఇంట్లో అందరూ కూర్చొని వేసుకోవలసిన లెక్క ఇది.